నొప్పి తెలియని పాదాలు

మీరు నమ్మేది దేవుణ్నా, లేక దేవుడి పేరు చెప్పి ఒంటి మీద మోసే గుర్తునా? తొందరపడి జవాబు చెప్పకండి. నాకు తెలిసిన ఒకాయన తొందరపడే చెప్పాడు.

ఆయన ఆదోని పత్తి మార్కెట్లో ఒక మండీ గుమాస్తా. ఇల్లు ఎమ్మిగనూరులో. రోజూ పొద్దున్నే బస్సు దిగి, మార్కెట్టుకు పోయే ముందు నా గదికి వచ్చేవాడు. ఉగ్గాని, బజ్జీల పొట్లం ఆయన తెచ్చేవాడు, టీ నేను పెట్టేవాణ్ని. దేవుడు లేడని వేదికలెక్కి అరిచి అరిచి చుట్టాలందరినీ పోగొట్టుకున్నవాణ్ని నేను. నాతో కూర్చుని వాదించడానికి మిగిలింది ఆయనొక్కడే.

శ్రావణమాసం రాగానే ఆయన చెప్పులు విడిచేవాడు. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కు. నెలంతా వట్టి కాళ్లే. షుగరు వచ్చి చాలా ఏళ్లయినా ఆ మొక్కు మానలేదు.

ఆ ఏడు శ్రావణంలో ఒక పొద్దున, ఆయన అడుగుపెట్టిన చోటల్లా నా గది బండల మీద రక్తం. కాలెత్తమన్నాను. పత్తి బేళ్లకు కట్టే ఇనుప తీగ ముక్క అరికాలిలో దిగబడి ఉంది. పట్టుకుని లాగేశాను. ఆయన ముఖం కూడా చిట్లించలేదు, పైగా మెరిసిపోయాడు.

“చూసినావా అన్నా! ఇంత తీగ దిగినా సురుక్కుమన్లేదు. ఈరన్న నా కాళ్లు పట్టుకోనుండాడు.”

“నీ కాళ్లు పట్టుకోనుండేది షుగరప్పా. మొద్దుబారిపోయినాయి.”

“నీకు అట్లే కనపడతాది. చెప్పులేసుకొని నడిచేవానికి మహిమ యాడ తెలుస్తాది?”

నవ్వుకున్నాం. ఆయన గాయానికి విభూతి అద్దుకుని లేచి వెళ్లిపోయాడు.

మార్కెట్టులో ఈ సంగతి పాకింది. హమాలీలు బస్తాలు దించి ఆ కాళ్లకే దండం పెట్టడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి పుండు నల్లబడింది, ఆయన మంచం పట్టాడు. ఆయన భార్య నాకు ఫోను చేసింది. “అన్నా, నా మాట వినడు. నువ్వొచ్చి సెప్పు.”

ఎమ్మిగనూరు పోయాను. గది గుమ్మంలోనే వాసన తగిలింది. ఆస్పత్రికి పోదామన్నాను.

“పోతే చెప్పులేసుకోమంటారు. మొక్కు చెడతాది. నెల కానీలే.”

“ఆ దేవుణ్ని ఒక్కసారన్నా ఏమన్నా అడిగినావా? మనసులోనైనా మాట్లాడినావా?”

“మాట్లాడేదేముంది? చెప్పులిడిచినా కదా. ఆయన పని ఆయన చూసుకుంటాడు.”

ఆయన నమ్మకమంతా తన వట్టి పాదాల మీదేనని నాకు అప్పుడర్థమైంది. అందులో దేవుడికి చోటెక్కడిది? తలుపు దగ్గర నిలబడిన భార్య మాత్రం ఊరుకోలేదు. “నేను పొద్దున, సాయంత్రం ఆ ఈరన్నతోనే మాట్లాడతాండా. ఆస్పత్రికి పోవద్దని యానాడూ సెప్పలేదు నాకు.”

ఆ ఇంట్లో భక్తి ఉన్న మనిషి ఆమె. నాస్తికుణ్ని, ఆ మాట నేనే అంటున్నాను. ఆమె భక్తి ఆమె కళ్లు మూయలేదు. కుళ్లును కుళ్లుగానే చూసింది, భర్త బతకాలని ఏడ్చింది. ఆయన మాత్రం మా ఇద్దరి మాటా వినలేదు.

శ్రావణం వెళ్లేలోపే చలిజ్వరం పట్టుకుంది. స్పృహ తప్పాక ఆమే ఆటో పిలిపించి కర్నూలు తీసుకుపోయింది. ప్రాణం దక్కింది. చీలమండ పైదాకా కాలు తీసేశారు.

ఇంటికి తెచ్చాక చూడబోయాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“నువ్వు నవ్వినావు. అందుకే ఈరన్న చెయ్యి వదిలినాడు.”

ఎన్నో సభల్లో ఎందరికో జవాబు చెప్పినవాణ్ని. ఆ వీపు ముందు నుంచి లేచి బయటికి వచ్చేశాను. ఆమె బస్సుస్టాండు దాకా వచ్చి, “మళ్లీ రా అన్నా” అంది. రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఆయన దుప్పటి ముసుగు తీయలేదు. ఇక పోవడం మానుకున్నాను.

వాదనలో నెగ్గింది నేనే. ఆ ముక్క చెప్పుకుందామన్నా గదిలో రెండో మనిషి లేడు. ఎమ్మిగనూరు బస్సు హారను ఇప్పటికీ పొద్దున్నే వినపడుతుంది. దిగినవాళ్లెవరూ నా సందులోకి తిరగరు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో షుగరున్న మనిషి మొక్కు పేరుతో వట్టి కాళ్లతో తిరుగుతూ ఉండవచ్చు. ఆయన దేవుడి జోలికి పోకండి, వాదన పెట్టుకోకండి. ఈ కాగితం పక్కన పడేసి ఇప్పుడే వెళ్లండి. ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి, రెండు అరికాళ్లూ మీ చేతుల్లోకి తీసుకుని వేలు వేలూ విడదీసి చూడండి. చిన్న గాటు కనపడినా సరే, రేపనకుండా వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి నడవండి.