రేడియేటర్‌కు అటు పక్క

మా ఎదురింటి బావగారు పోయారన్న సంగతి మా ఇంట్లో మొదట నాకే తెలిసింది. పొద్దున పాల ప్యాకెట్ల కోసం తలుపు తీస్తే ఆయన భార్య వాకిట్లో నిలబడి ఉంది. నిద్రలోనే పోయారంది. లోపలికెళ్లి చెప్పగానే మా ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఆదివారం రేడియేటర్ పెట్టాల గదా," అన్నారు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కోసం ఆయన అంతగా ఏడవడం నేను చూడలేదు. ఆ వేళ కూడా నాకు ఒళ్లు మండింది. దాచుకోవడం దేనికి?

బావగారు మాకు చుట్టం కాదు. తొండియార్‌పేటలో మా అరవ వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లు రెండే మిగిలాయి, మాదీ వాళ్లదీ. మా ఆయన అన్నా అని పిలిచేవారు కాబట్టి నాకు బావగారయ్యారు. వాళ్ల నాన్న హార్బరు నుంచి పప్పు మూటలు తోలిన పాత పికప్ బండి ఒకటి ఆయన షెడ్డులో ఉండేది. నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. మా ఆయన ఆదివారాలన్నీ దానికే పోయాయి. బీచికి పోదామంటే, అన్న ఒక్కడే ఉన్నాడు పాపం అనేవారు.

బండి వేడెక్కితే రేడియేటర్ మూత వెంటనే తీయకూడదట, ఆవిరి ముఖాన కొడుతుందట. "చల్లారేదాకా ఏదన్నా మాట్లాడుకుందాం పా," అని బావగారు రెండు స్టూళ్లు వేసేవారు. ఇంట్లో ఊఁ, ఆఁ తప్ప పలకని మా ఆయన అక్కడ చేతులు తిప్పుతూ కబుర్లు చెప్పడం మా వంటింటి కిటికీలోంచి కనిపించేది. మాటలు మాత్రం వినిపించేవి కావు, అదే నా మంట. అన్నానికి పిలుద్దామని నేను చిటపటలాడుతూ వెళితే, బావగారు మా ఆయన భుజం తట్టి, "ఇప్పుడు మూత తీయొద్దు, చల్లారనీ," అనేవారు. నాకు నవ్వొచ్చేది. అది కనబడనివ్వకుండా వెనక్కి తిరిగేదాన్ని.

మా బోరు నీళ్లు ఉప్పు. తుప్పు పడుతుందని ఆ బండికి క్యాన్ నీళ్లే పోసేవారు. మా ఇంట్లో సాంబారుకు కూడా ఆ భాగ్యం లేదు. అయినా పాత రేడియేటర్‌కు చిల్లులు పడ్డాయి. పుదుప్పేటలో పాత బండి సామాన్ల అంగళ్లన్నీ గాలించి, దానికి సరిపోయేది ఒకటి గుడ్డలో చుట్టి, పురుటి బిడ్డను తెచ్చినట్టు తెచ్చారు ఇద్దరూ. వచ్చే ఆదివారం బిగించేటప్పుడు ఫ్యాను రెక్కలు గీసుకోకుండా మధ్యలో అట్ట పెట్టాలట. మా ఆయన తీసుకెళ్లి ఇచ్చింది పురసవాక్కంలో కొన్న నా పట్టుచీర పెట్టె. నేను వీధి వినేలా అరిచాను. బావగారే వచ్చి గడప దగ్గర నిలబడి, "చీర నీది, అట్ట బండిది. మా తమ్ముడు మనిద్దరి మనిషి గదమ్మా," అన్నారు.

అంతకుముందొకసారి నాకు జ్వరమొచ్చిన ఆదివారం ఆయన షెడ్డుకు తాళం వేసి మా ఆయన్ను ఇంటికి పంపేశారు. ఆ రోజంతా నా భర్త నా పక్కనే కూర్చున్నారు. అదీ బావగారి దయే. అందుకూ నాకు అసూయే, ఇప్పటికీ కృతజ్ఞతే.

కర్మలు అయ్యాక మా ఆయన ఆదివారాలు ఇంట్లోనే ఉన్నారు. నేను కోరుకున్న ఆదివారాలే. టీవీ వైపు చూస్తూ ఊఁ, ఆఁ అనేవారు. ఇలాంటివి నాకొద్దనిపించింది. అప్పుడే ఎదురింటి అక్క, బావగారి భార్య, వచ్చింది. "పాతది ఊడదీసిన కాణ్నించి బండి నోరు తెరుచుకోనే ఉండాది. చూడలేకుండా ఉండాను, మూసెయ్యండి," అంది. ముందు నుంచి పట్టుకోను ఒకరు, వెనక బోల్టులు బిగించను ఒకరు, ఇద్దరు కావాల గదా అని మా ఆయన గొణిగారు. నేను లేనా అన్నాను.

షెడ్డులో స్టూళ్లు రెండూ అలాగే ఉన్నాయి. చీర పెట్టె అట్ట మీద నెమలి బొమ్మ ఇంకా చెదరలేదు. నేను ముందు నుంచి రేడియేటర్‌ను దించి రెండు చేతులా పట్టుకున్నాను. ఇంత బరువుంటుందనుకోలేదు. మా ఆయన అటు పక్క వంగి బోల్టు రంధ్రం వెతుకుతున్నారు. నా ముఖం ఆయనకు కనబడదు.

"అన్నా, రవ్వంత పైకెత్తు," అన్నారు.

ఆ మాట అన్నట్టు ఆయనకే తెలియలేదు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. చేతులు లాగేస్తున్నా, నోరెత్తకుండా, రవ్వంత పైకెత్తి పట్టుకున్నాను.