టీచరమ్మ హాజరు

హిందీ ప్రాంతంలోని సీతారాండేరా బస్తీలో మా తెలుగు చర్చి వెబ్‌సైటుకు ఏ అక్షరాలు వాడాలో తేల్చింది మా సండేస్కూలు టీచరమ్మ. కన్నుమూసినవాళ్ల పేర్ల పేజీలో నేను ఒక్కో ఫాంటూ మారుస్తుంటే, ఆవిడ ఫోనును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, పిల్లలకు హాజరు పిలిచినట్టే ఒక్కో పేరూ పైకి చదివేది. చదివి, ఆగి, చెవి ఒగ్గి వినేది.

"ఫాంట్ సే క్యా ఫర్క్ పడ్తా హై, టీచర్?" అన్నాను ఓసారి విసుగొచ్చి, ఏ ఫాంటైతే ఏంటి తేడా అని.

"ఏటే అలగంటావు? సన్నంగా, ఇరుకిరుగ్గా పెట్టేవు. పైనోళ్ల ఒత్తులు కిందోళ్ల నెత్తి మీద పడతన్నాయి. ఒక్కరూ పలకట్నేదు. మార్చు," అంది.

చివరికి గుండ్రటి, కాస్త లావు అక్షరాలు పెట్టి, వరుసల మధ్య ఎడం పెంచాను. ఆవిడ మొదటి పేరు చదివి, ఆగి, నవ్వింది. రెండో పేరుకు తల ఊపింది. పేజీ అంతా చదివాక, "ఇప్పుడు అందరూ వచ్చేరు," అంది.

చర్చిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా నేను ఖాళీ బెంచీల వైపు తిరిగి చూడలేదు.

మొన్న ఆవిడ పేరునూ ఆ పేజీలో నేనే చేర్చాను. చెయ్యి చాచి చూసినా స్పష్టంగా కనబడుతోంది. పైకి మాత్రం చదవలేదు. చదివితే, ఆగి వినాలి కదా.