కారక ఏం చేసుద్ది?

మా ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వినాయక చవితి వెళ్ళాక ఒక పొద్దున గుండె పట్టుకుని కూర్చున్నారు, అంతే. పరామర్శకు వచ్చినవాళ్ళంతా నా ముఖంలోకి తొంగి చూసి, "ఒక్కసారి ఏడవమ్మా, బరువు దిగుద్ది" అనేవారు. రమ్మంటే వచ్చేదైతే వాళ్ళ పోరు పడలేకైనా ఏడ్చేదాన్ని. వచ్చినవాళ్ళకు కాఫీ పెట్టి ఇచ్చాను.

అంతలో చలి వచ్చింది. నెలగంట పెట్టాక మాచర్లలో మా వీధంతా ముగ్గులే. మా వాకిట్లో మాత్రం ఏడాది వెళ్ళేదాకా ముగ్గు పడదు. ఉన్నదల్లా కారు కింద సిమెంటులోకి ఇంకిపోయిన నల్ల మరక.

మా పాత కారుకి అదొక జబ్బు. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ కింద నుంచి ఆయిల్ బొట్లు బొట్లుగా పడేది. కాసేపటికి ఇంజన్ వేడెక్కితే కారడం ఆగిపోయేది. ఎండాకాలం చుక్క కూడా కారేది కాదు కాబట్టి, "ఎండలు రానీవే" అంటూ మా ఆయన బాగుచేయించకుండా నెట్టుకొచ్చారు. వేసిన ముగ్గంతా జిడ్డవుతోందని నేను రోజూ తగవు పడేదాన్ని. ఆయన కొట్లోంచి సబ్బుల అట్టపెట్టె తెచ్చి చింపి, ఇంజన్ కింద పరిచి, "పేరే కారు. కారక ఏం చేసుద్దే?" అనేవారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. తర్వాత ప్రతి చలికాలమూ అదే మాట వినీ వినీ ఒళ్ళు మండేది.

ఈ ఏడు అట్ట నేనే పరిచాను. పొద్దున్నే శాలువా కప్పుకుని వెళ్ళి కారు స్టార్ట్ చేసేదాన్ని. ఎందుకని ఎవరైనా అడిగితే, లేకపోతే బ్యాటరీ పోతుందని చెప్పేదాన్ని. నిజానికి ఆ బొట్లు అట్ట మీద పడడం చూస్తేగాని నాకు లోపలికి రాబుద్ధయ్యేది కాదు. చూసినా ఏమీ అనిపించేది కాదు. అయినా చూసేదాన్ని.

ఒకరోజు మా మరిది వచ్చాడు. "వదినా, నడిపే మనిషి లేని బండి మనకెందుకు? గురజాలాయన ఒకాయన అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. ముందు ఆ కారేది బాగుచేయిస్తా" అన్నాడు. సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని.

మెకానిక్ ఇంటికే వచ్చి పని ముగించాడు. "రబ్బరు సీలు గట్టిపడిపోయిందక్కా. చలికి ముడుచుకుని సందిచ్చుద్ది, ఆయిల్ దిగుద్ది. కొత్తది వేశా. ఇంక కారదు" అన్నాడు.

మర్నాడు స్టార్ట్ చేసి నిలబడ్డాను. ఇంజన్ వేడెక్కింది. ఏమీ పడలేదు. అట్ట బయటికి లాగి అటూ ఇటూ తిప్పి చూశాను. పొడిగా ఉంది. బాగైనందుకు సంతోషించాలి. నాకు చానా కోపం వచ్చింది. ఆయన పోయాక నాకంటూ ఏదైనా అనిపించడం అదే మొదలు.

అట్ట ఇంకా చేతిలో ఉండగానే మరిది గురజాలాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వస్తూనే ఇంజన్ ఆపి తాళాలు తీసుకున్నాడు. ఆయన బానెట్ ఎత్తి చూశాడు, వంగి కింద చూశాడు. సిమెంటు మీద మరక కనపడింది. "ఇది ఆయిలేగా? చలికి కారుద్దా అమ్మా?" అని నన్నే అడిగాడు.

మరిది నోరు తెరిచేలోపే నేనన్నాను. "పేరే కారు కదండీ. కారక ఏం చేసుద్ది?"

ఆయన నవ్వలేదు. "మీ వదినగారికి అమ్మే ఇష్టం లేనట్టుందయ్యా" అని మరిదితో చెప్పి వెళ్ళిపోయాడు.

"నిన్ననేగా బాగుచేయించింది? అట్టా అన్నావేంది వదినా..." అంటూ మొదలుపెట్టిన మరిది మధ్యలో ఆగిపోయాడు. "అది అన్న మాట కదా" అన్నాడు. గేటు పట్టుకుని నిలబడి, వీధిలో ముగ్గులేసుకునేవాళ్ళు తలెత్తి చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు.

నాకు రాలేదు. అతని చేతిలోంచి కారు తాళాలు తీసుకున్నాను. అట్టను మళ్ళీ ఇంజన్ కింద పరిచి, అతనికి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.