ఎడమవైపు సీటు

"ఈ కారెవులిదిరా?" అని అడుగుతారు. "నీదేనా?" అని అడిగినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. శ్రీకాకుళంలో ట్రాఫిక్ పోలీసు ఆపి, "ఓనరు ఎక్కడున్నాడు?" అన్నాడు. విజయనగరంలో పెట్రోలు బంకు దగ్గర ఒకాయన నా భుజం తట్టి, "మీ సారుకి డబ్బెక్కువైపోనట్టున్నాదే" అన్నాడు. నా లుంగీ, చేతుల మీద ఎండిపోయిన రెజిన్ జిగురు మరకలు చూసి ఎవరికి వాళ్ళే తేల్చేసుకుంటారు. నాకు మొదట్నుంచీ ముక్కు మీదే కోపం. "నాదే. నాను కొన్నాను, నాను బాగుసేసినాను. ఇంకేటైనా అడగాలా?" అంటాను. నమ్మినట్టు తలూపి వెళ్ళిపోతారు.

నేను సముద్రం ఒడ్డున ఫైబర్ బోట్లు బాగుచేస్తాను. మా ఊరి నుంచి సంత జరిగే కోటబొమ్మాళికి బస్సులో గంట. మా నాన్న చెక్క తెప్ప మీద వేటకెళ్ళేవాడు, నా కాలానికి ఫైబర్ వచ్చింది. రాయి తగిలి అడుగు చీలిన బోటుని నా షెడ్డుకి తెస్తారు. చీలిక చుట్టూ గరుకు పట్టించి, గాజునారతో చేసిన మ్యాటు ముక్కలు పరిచి, రెజిన్ పట్టించి అతుకుతాను. ఈ పని కొంత పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నాను, కొంత చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. పాలిటెక్నిక్‌లో చదివించింది మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తి, సంతలో అమ్మి నన్ను చదివించింది. ఇప్పటికీ అమ్ముతోంది. మానెయ్యమంటే, "నువ్వు బోట్లు మానేత్తావేటి?" అంటుంది.

కారు నాకు కొత్తవలసలో కనబడింది. ఒక రిటైరైన ఉద్యోగి ఇంట్లో మేడ మీది ఫైబర్ ట్యాంకు పగిలిందంటే అతకడానికి వెళ్ళాను. పెరట్లో పాత టార్పాలిన్ కింద అది పడుంది. రెండే రెండు సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, నేలకి ఆనినట్టుండే చిన్న బండి. వయసులో ముచ్చటపడి కొన్నానని, లారీ వెనకాల గుద్దితే డెంటింగుకి ఇచ్చానని, అప్పట్నుంచీ ఇలాగే ఉందని ఆయన చెప్పాడు. బానెట్ మీద చెయ్యి వేసి కొట్టి చూశాను. అది రేకు కాదు, ఫైబరు! ఆ డెంటింగు మహానుభావులు రేకనుకుని సుత్తులతో బాదారు. ఒక్క పగులుతో వెళ్ళిన బండిని ముక్కలుచెక్కలు చేసి తిప్పి పంపారు. నా ఒళ్ళు మండిపోయింది. చేతకాని పని చేతకాదని చెప్పడానికి మనుషులకి నోరెందుకు రాదో నాకు అర్థం కాదు. ఆ కోపంలోనే బేరం ఆడాను, ఆ కోపంలోనే వ్యానుకెక్కించి ఇంటికి తెచ్చాను.

ఊళ్ళోవాళ్ళు చూసి, "మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె" అన్నారు. మా ఆవిడ ఒకసారి ఎక్కి, జుట్టంతా రేగిపోయి, ఇంటికొచ్చేదాకా నన్ను తిడుతూనే ఉంది. మళ్ళీ ఎక్కలేదు.

బాగుచెయ్యడానికి ఏడాది పట్టింది. బోట్ల పని లేని రోజు చూసుకుని ఒక్కో ముక్కా అతికాను. లోపలి నుంచి మ్యాటు వేసి, బయట ఎమరీ పేపరుతో రుద్ది రుద్ది, వేలితో తడిమితే అతుకు తెలియకుండా చేశాను. అందులో నాకు వంక పెట్టగలిగిన మగాడు ఈ తీరంలో లేడు. కానీ ఒక తప్పు చేశాను. సీట్ల వెనకా, తలుపుల కిందా వేలు దూరేటన్ని కన్నాలు కనబడ్డాయి. బోటులో కన్నం కనబడితే నా చెయ్యి ఊరుకోదు. అన్నీ పూడ్చేసి పైన రెండు పూతలు కూడా వేశాను. మొదటి వానకి గుడ్డ టాపు కుట్ల దగ్గర కారి, లోపల పడ్డ నీరు బయటికి పోయే దారి లేక, సీట్లు సగం దాకా మునిగాయి. అప్ప వచ్చి చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఒరే, కారులోకి నీల్లొచ్చినాయా, నీల్లలోకి కారెల్లినాదా?" అంది. అవి నీళ్ళు పోవడానికి కారు చేసినవాడు వదిలిన కన్నాలని అప్పుడు తెలిసింది. నన్ను నేనే బూతులు తిట్టుకుంటూ డ్రిల్లు పట్టుకున్నాను.

ఇంజను మామూలు చిన్న కార్లలో ఉండేదే, దానితో బాధ లేదు. బాధంతా ఉప్పుగాలితో. ఒళ్ళు ఫైబరైనా కింద చట్రం ఇనుమే కదా. రోజూ సాయంత్రం అడుగంతా మంచినీళ్ళతో కడగాలి, నెలకోసారి గ్రీజు పుయ్యాలి. ఒక వారం బద్ధకిస్తే తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. టాపు చిరిగిపోతే లారీలకి టార్పాలిన్లు కుట్టే అతని చేత మందపాటి గుడ్డతో కొత్తది కుట్టించాను. రెండు సీట్లకీ కొత్త రెగ్జిను వేయించాను. ఇంత చాకిరీ చేసిన తర్వాత, టాపు దించి జీడితోటల మధ్య రోడ్డు మీద వెళ్తుంటే మాత్రం నాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు.

ఒక సంత రోజు పొద్దున్న షెడ్డులో ఉండగా అప్ప ఫోను చేసింది. బస్సులోంచి దించేశారట. కారు తీసుకుని పరిగెత్తాను. కోటబొమ్మాళి ఇంకా చాలా దూరం ఉండగానే, రోడ్డు పక్క తుప్పల దగ్గర గంప వొరిగిపోయి ఉంది. కానాగడత చేపలు మట్టిలో పొర్లాయి. ఐసు ముక్కలు ఎండకి కరిగిపోతున్నాయి. అప్ప ఒక్కో చేపా తీసి కొంగుతో తుడిచి గంపలో వేస్తోంది. ఏడవడం లేదు. "కంపు కొడతన్నాది, దిగిపో అన్నాడు కండట్రు. దిగుతానుండు బాబూ అన్నాను. ఈలోగా గంప తోసేసినాడు" అంది, ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఉండు, ఆ కండట్రు సంగతి తేలుస్తాను" అని కారెక్కాను. వెనక నుంచి అప్ప ఏదో అంటూనే ఉంది, వినలేదు. ఆ చిన్న కారు ఎంత జోరుగా పోగలదో ఆ రోజే చూశాను. బస్సుని దాటి, అడ్డంగా ఆపి, తలుపు దగ్గరికెళ్ళి కండక్టరు చొక్కా పట్టుకున్నాను.

"నానేటి సేసేది బాబూ? పాసింజర్లు ఊరుకోట్లేదు" అన్నాడతను.

పాసింజర్లని చూశాను. కిటికీల్లోంచి నన్ను వింతగా చూస్తున్నారు. అందరూ సంతకి వెళ్ళేవాళ్ళే. వాళ్ళలో ఒకావిడని గుర్తుపట్టాను, అప్ప దగ్గర ప్రతి సంతకీ గీసి గీసి బేరమాడి చేపలు కొనే మనిషి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది! అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం. "తినీటప్పుడు లేని కంపు మోసీటప్పుడొచ్చినాదా మీకు?" అని అరిచాను. డ్రైవరు హారను కొట్టి కొట్టి, బస్సుని రోడ్డు దింపి, నా కారు పక్క నుంచి తీసుకుపోయాడు. నా గొంతు పోయింది తప్ప ఒరిగిందేమీ లేదు.

తిరిగి వచ్చేసరికి అప్ప అక్కడ లేదు. నిండు గంప తలకెత్తుకోవాలంటే ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. దారినపోయేవాళ్ళని ఎవర్నో పట్టుకుని ఎత్తించుకుని నడిచి వెళ్ళిపోయింది. సంతలో కనబడితే, "దెబ్బలాటయిపోనాదా?" అంది.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఆటోవాళ్ళు గంపని చూసి ఆగరు. బస్సువాడు ఆగి దించేస్తాడు. ఇంట్లో కారు పెట్టుకుని నేనెందుకున్నాను? గంప డిక్కీలో పడదు, స్టెప్నీ టైరుకే అది చాలదు. అప్పుడు నాకు ఎడమవైపు సీటు కనబడింది. బోటులో సీట్లుండవు. మధ్య చోటంతా చేపలది, మనిషి ఏ అంచునో సర్దుకుంటాడు. తుప్పు పట్టిన నాలుగు బోల్టులకీ కిరసనాయిలు పోసి, నానబెట్టి, సీటు పీకేశాను. ఆ చోటికి సరిగ్గా అతికేటట్టు ఫైబరుతో ఒక తొట్టి చేశాను. గంప అడుగు ఎంత గుండ్రమో అంత గుండ్రం. ఐసు నీళ్ళు కారు కిందికి పోయేటట్టు గొట్టం కూడా పెట్టాను. నా జన్మలో అంత నున్నటి పని ఇంకొకటి చెయ్యలేదు. విశాఖపట్నం నుంచి కార్ల పిచ్చున్న ఇద్దరు కుర్రాళ్ళు చూడ్డానికి వచ్చి, "ఇలాంటి కార్లు ఇంక దొరకవు, పాడుచేశారు సార్" అన్నారు. వాళ్ళని గేటు దాకా తరిమాను.

బ్రేకినస్పెక్టరు కూడా ఒకసారి ఆపాడు. కాగితాలు చూసి, కారులోకి చూసి, "ఆర్సీలో రెండు సీట్లున్నాయి. రెండోదేదీ?" అన్నాడు.

"గంపున్నాది కదా, సూడండి."

"ఆర్సీలో గంప లేదయ్యా."

"బస్సులో కూడా లేదండి. మరెక్కడుంటాది?" అన్నాను. సీటు బిగించి తెచ్చి చూపించమని రాసిచ్చాడు. ఆ కాగితం నలిపి జేబులో వేసుకున్నాను. న్యాయం నా వైపు ఉందని నాకు అంత గట్టి నమ్మకం.

ఏర్పాటు ఇదీ. ఒడ్డున గంప నేను కారులో పెట్టుకుంటాను. అప్ప ఉత్త చేతులతో బస్సెక్కుతుంది. గంప లేదు కాబట్టి ఎవడూ నోరెత్తడు. నేను ముందెళ్ళి ఆమె కూర్చునే చోట గంప దించి కాపలా ఉంటాను. ఊరంతా ఈ సంగతి చెప్పుకుని తిరిగాను. నాలుగు సంతలు గడిచాయి. అప్ప రావడం ప్రతిసారీ ఆలస్యమయ్యేది. బస్సులింతే అనుకున్నాను.

అయిదో సంతకి ఎంతసేపటికీ రాలేదు. ఫోను తియ్యలేదు. ఎండ ఎక్కుతోంది, ఐసు కరిగిపోతోంది. పక్కనున్న చేపలావిడకి గంప అప్పజెప్పి, విసుక్కుంటూ వెనక్కి వచ్చాను. మా ఊరి బస్టాపులో, సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది అప్ప. బ్రేకు వేస్తూనే అరిచాను. "ఏటప్పా, అక్కడ సేపలు పాడైపోతంటే ఇక్కడ కూకున్నావేటి?"

"బస్సు ఆపనేదురా."

"నీకాడ గంప లేదు కదా! ఎందుకాపడు?"

అప్ప లేచింది. నా జీవితంలో ఆమెకి కోపం వచ్చినట్టు చూడడం అదే మొదలు. "ఆడు దించింది గంపననుకున్నావేటి? నన్నురా! ఈ నాలుగు సంతలూ నానెలగొచ్చినాననుకున్నావు? తలంటుకున్నాను. ఉతికిన కోక కట్టుకున్నాను. అయినా పక్కనున్నోలు లేసెల్లిపోనారు. సేపలమ్మి అని ఆలకి తెలీదేటి? ఒకపాలి నిలబడే వచ్చినాను. ఒకపాలి సగం దూరం నడిసినాను. ఇయ్యాల నన్ను సూసి, ఆపకుండానే పోనాడు."

"మరి నాకు సెప్పలేదేటి?"

"ఏటని సెప్పాలి? గంపకి సోటు సేసినానని ఊరంతా సాటుకుంటన్నావు కదా."

దిగి, అటువైపు తలుపు తీసి, "ఎక్కప్పా, ఎల్దాం" అన్నాను.

ఆమె వంగి లోపలికి చూసింది. నేను అంత నున్నగా చేసిన తొట్టి. దాని నిండా పొలుసులు. "ఎందులో కూకోవాలి? దీన్లోనా?" అంది.

మా బోట్ల మీద ఆడవాళ్ళు కాలు పెట్టరు. చేపలు ఒడ్డుకి రావాలి, వాళ్ళు ఒడ్డునే ఉండాలి, అదే మాకు పుట్టినప్పట్నుంచీ తెలిసింది. అందుకే అప్పకి సీటుంచాలని తట్టలేదు అని ఆ నిమిషంలో నాకు నేను చెప్పుకోబోయాను. కానీ అది అబద్ధం. సీట్లకి కొత్త రెగ్జిను వేయించినప్పుడు అప్పని ఎక్కమన్నాను. "సేపల కోకరా, నీ సీటు కంపు కొడతాది" అంది. సరేలే అన్నాను. రెండోసారి అడగలేదు. అడగకపోవడం నాకు హాయిగానే ఉంది.

అప్ప తలుపు వేసేసింది. "నువ్వెల్లు. సేపలు పాడైపోతాయి" అంది. నేను వెళ్ళాను.

ఆ సాయంత్రమే తొట్టిని సుత్తితో బద్దలుకొట్టి సీటు బిగించాను. ఏడాది దాటింది. అప్ప చేపలమ్మే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక ఆటో మాట్లాడుకుంది. సంత రోజు నేను కారు తీసుకెళ్ళి ఆమె వాకిట్లో ఆపుతాను. "ఆటో వస్తన్నాదిలేరా" అంటుంది, కోపం లేకుండానే. ఆ కండక్టరుని తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. అతను మా అప్పని ఒక్కసారి బస్సు దించాడు. నేను పక్క సీటు గంపకిచ్చి, అయిదు సంతలు ఆమెని ఆ బస్సుకే పంపాను.