పారబోసిన కల్లు

డాక్టరు కల్లు మానమన్నప్పటినుంచి మా మామయ్యగారు సాయంత్రాలు తాటితోపు వైపు వెళ్ళడమే మానేశారు.

"అందరి మధ్యా మజ్జిగ గ్లాసు పట్టుకు కూచోమంటారా అల్లుడుగారూ? నవ్విపోరూ!" అనేవారు. ఆయనకు కల్లుతోపాటు కబుర్లూ పోయాయి.

అప్పట్లో నేను రావులపాలెం దగ్గర ఒక ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు నడిపేవాణ్ణి. చదువు పదితో ఆగినా, మా శాఖా గ్రంథాలయంలో నేను తిరగెయ్యని సైన్సు పత్రిక లేదు. ఒకరోజు అందులోనే కనబడింది: మా ప్లాంటులో ఉప్పునీటిని వడగట్టే మెంబ్రేన్ అనే పల్చటి పొర లాంటిదాంతోనే విదేశాల్లో బీరులోంచి మత్తు తీసేస్తున్నారట. మరగబెట్టే పని లేదు కనక రుచి పోదు, ఇంధనమూ మిగులుతుంది.

"బీరుకి పనిచేసింది కల్లుకి చెయ్యదేంటండీ?" అన్నారు మామయ్యగారు, విన్న వెంటనే.

"నీళ్ళ మిషన్లో కల్లా! మామా అల్లుళ్ళు ఒకరికొకరు సరిపోయారండి" అన్నారు అత్తయ్యగారు.

పక్కన పడేసిన పాత మెంబ్రేన్‌కి చిన్న పంపు బిగించి, గుడ్డలో వడగట్టిన కల్లు పోశాం. ఒక గొట్టంలోంచి తేటగా చుక్కలు, రెండోదాంట్లోంచి తెల్లటి ధార. ప్లాంటు అలవాటు కొద్దీ తేటది గ్లాసులో పట్టి, తెల్లది అరటి పాదులోకి వదిలేశాను.

మామయ్యగారు రెండు గుక్కలు వేశారు. "తీపి లేదు, పులుపు లేదు. మరి చెవులు వేడెక్కుతున్నాయేంటండీ అల్లుడుగారూ?"

మళ్ళీ గ్రంథాలయానికి పరుగెత్తి ఆ పేజీ నెమ్మదిగా చదివాను. పొర దాటి వచ్చేది నీళ్ళూ మత్తూ. బీరు వెనకే ఉండిపోతుంది. మా ప్లాంటులో దాటి వచ్చిందే సరుకు, వెనక మిగిలింది పారబోసేది. ఇక్కడ అంతా తిరగబడింది.

"ఇవాళ అరటిచెట్టుకి పండగన్నమాట" అన్నారు అత్తయ్యగారు.

మర్నాడు వెనక మిగిలినదాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, తగ్గినంత మేరా మంచినీళ్ళు కలుపుతూ పోయాం. చివరికి చెంబెడు తేలింది. కాస్త చప్పగా ఉన్నా, రంగూ పులుపూ కల్లువే. మత్తు బొత్తిగా లేదని నేను పూచీ పడలేనుగా, డాక్టరుగారినే అడిగాం. ఆయన నవ్వి, "గ్లాసు దాటకండి" అన్నారు.

మామయ్యగారు చెంబు పట్టుకుని తోపుకి వెళ్ళారు. పొద్దుగూకాక ఊరి కబుర్లన్నీ మోసుకుని ఉత్సాహంగా తిరిగొచ్చారు. అత్తయ్యగారు అనుమానంగా చెంబులోకి తొంగిచూస్తే, అది నిండుగా అలాగే ఉంది.

"మాటల్లో పడి తాగడం మర్చిపోయానండి" అన్నారాయన నాతో.