పదిహేడో ట్రే

కోడిగుడ్లు పొదిగించే గదిలో పిన్నిది పద్నాలుగేళ్ల సర్వీసు. అక్కడ అందరికీ ఆవిడ పిన్నే, యజమానికి కూడా. ఇరవై ట్రేల వేడి రెండు గంటలకోసారి చూసి రాయడం ఆవిడ పని. థర్మామీటరు మీద అనుమానమొస్తే గుడ్డు తీసి, మూసిన కంటిరెప్పకు ఆనించుకుంటుంది.

ఈమధ్య ఆ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అంకెలూ వరసగా ఉంటాయి. ఏ చోట మార్చాలో, ఏ అంకె పెట్టాలో చెబితే చాలు, మిగతావి కదలవు. పిన్నికి అదొక వింత. పనైపోయినా అమ్మాయి కుర్చీ వెనకే నిలబడేది.

"నీ నాలుగో ట్రే దీనికి మూడోది పిన్నీ. సున్నా నుంచి లెక్కపెడుతుంది."

"పుట్టకముందే వయసు లెక్కేస్తుందన్నమాట!"

ఆ మధ్యాహ్నం నాలుగు, పదకొండు, పదిహేడు ట్రేల థర్మామీటర్లు మొరాయించాయి. పిన్ని మంచి థర్మామీటరుతో మళ్లీ చూసి రెండు అంకెలు చెప్పింది. "పదిహేడోది ఇంకా నిలకడగా లేదు, కాసేపాగి చెబుతా" అంటూ లోపలికెళ్లింది.

తిరిగొచ్చేసరికి తెర మీద పదిహేడో ట్రేకి ముప్ఫై ఏడు పాయింట్ ఆరు. భేషైన వేడి. కానీ లోపల రెప్పకు ఆనించుకుంటే ఆ ట్రేలో గుడ్డు చల్లగా తగిలింది. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు కావాల్సిన గుడ్లు.

"తలుపు సందులోంచి గాలి కొడుతోంది, ట్రేను లోపలి వరసలోకి మార్చనా?" అని అప్పుడే వచ్చిన యజమానిని అడిగింది.

యజమాని నవ్వాడు. "తెర మీద బాగానే ఉందిగా పిన్నీ! నీ రెప్పకు కరెంటు కనెక్షనివ్వమంటావా? కదపకు."

పిన్ని తెర వైపే చూస్తూ ఉండిపోయింది. నాలుగో ట్రేదీ అదే అంకె.

"అమ్మాయ్, నేను చెప్పని అంకె దీనికెవరు చెప్పారే?"

అమ్మాయి చూసి నాలుక కరుచుకుంది. "నువ్వు మూడో అంకె చెప్పకముందే నొక్కేశాను పిన్నీ. చోట్లు మూడు, అంకెలు రెండే. అంకెలు అయిపోతే ఇది మళ్లీ మొదటికెళ్లి, నాలుగో ట్రేదే తెచ్చి పెట్టేసింది."

"తప్పని అరవలేదూ?"

"అరవదు. దాని పద్ధతే అంత."

"అడిగితే దాని సొమ్మేం పోయిందట!"

పిన్ని లోపలికెళ్లి పదిహేడో ట్రేలో పెట్టిన మంచి థర్మామీటరు తెచ్చి చూపించింది. ముప్ఫై ఐదున్నర. యజమాని లోపలికి నడిచాడు. ట్రేకి రెండో వైపు తనే పట్టాడు.

మూడో రోజు పొద్దున్నే పిన్ని అమ్మాయిని లోపలికి లాక్కెళ్లి, పదిహేడో ట్రేలోంచి ఓ గుడ్డు తీసి, ఆమె కళ్లు మూయించి రెప్పకు ఆనించింది.

"లోపల పొడుస్తోంది పిన్నీ!"

"కళ్లు తెరవకు. ఇంకాసేపు చూడు."