జిగురు పిన్ని గాలిలో తేలిన రోజు

జిగురు పిన్నికి బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. కారెక్కితే తల తిరుగుతుంది. ఎవరైనా ఉయ్యాల ఊగుతుంటే చూసినా చాలు, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అలాంటి మనిషికి బతుకుతెరువు ఏమిటయ్యా అంటే, విమానాల్లో వాంతులయ్యే వాళ్ళకోసం కాగితం సంచులు అతికించడం. దేవుడికి కూడా పనిలేనప్పుడు ఎవరో ఒకరిని ఆటపట్టించాలని బుద్ధి పుడుతుంది కాబోలు.

కార్ఖానా అన్నది పేరుకే. చెప్పుల దుకాణం పైన రెండు గదులు, అంతే. మొదటి గదిలో కత్తిరింపు, రెండో గదిలో అతికింపు. తెల్లకాగితం, దానికి లోపలివైపు తడి దిగకుండా పల్చటి పొర. పొద్దున కిటికీలోంచి వచ్చే ఎండ ఆ కాగితాల దొంతరల మీద పడి, అక్కడినుంచి పైకప్పుకి ఎగబాకేది. గదంతా పాలు ఒలికినట్టు ఉండేది. ఆ వెలుగులో కూర్చుని పిన్ని కుంచె ముంచేది, అంచుకి పూసేది, మడిచేది, బొటనవేలితో గట్టిగా రాసి పక్కన పెట్టేది. చేతుల పని చేతులు చేసుకుంటుంటే మనసు ఊళ్ళన్నీ తిరిగొచ్చేది. మనసుకి మాత్రం ఎక్కడా వాంతులు కావు. ఆ గదిలో అందరికన్నా పాతకాపు కాబట్టి జిగురు పిన్ని అయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాడికి కూడా గుర్తు లేదు.

అక్కడో పద్ధతి ఉంది. కట్ట కట్టేముందు అందులోంచి ఒక సంచి తీసి, నోటితో ఊది, మూతి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. బుస్సుమంటే అతుకు వదిలినట్టే. గట్టిగా ఊదితే ఆరీ ఆరని జిగురు విడిపోతుంది. అందుకే కొత్తగా చేరిన వాళ్ళకి పిన్ని చెప్పే మొదటి పాఠం అదే.

"పొయ్యి ఊదినట్టు కాదమ్మా, పసిపిల్ల కంట్లో నలుసు ఊదినట్టు ఊదాలి."

ఊదీ ఊదీ ఆమె ఊపిరి కూడా ఆ నిదానానికే అలవాటు పడిపోయింది. ఆ సంచులు మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఆమె వెళ్ళలేదు. ఇంటినుంచి కార్ఖానాకి, కార్ఖానానుంచి ఇంటికి, కాళ్ళున్నాయి గదా అని నడిచేది.

ఆ గుట్టుబతుకులోకి ఒకరోజు సముద్రం అవతలినుంచి ఫోను వచ్చింది. చేసింది అక్క కూతురు.

"పిన్నీ, అమ్మకి చూపు తగ్గిపోతోంది. చుట్టూ అంతా చీకటేనంట. మధ్యలో మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనబడుతోంది. అది కూడా చలికాలం దాకా ఉంటే గొప్పే అన్నారు డాక్టరుగారు."

"దాన్ని బెదరగొట్టకే, అసలే పిరికిది" అని వెనకనుంచి అక్క గొంతు వినబడింది. ఫోను చేతులు మారింది. "చిట్టీ! రావే ఒక్కసారి. ఫోన్లో నీ మొహం ఎంత దగ్గరగా పెట్టుకున్నా నీళ్ళలో కదిలిపోతున్నట్టు ఉంటోంది. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసుకుంటే చాలు. ఆ తర్వాత చీకటొస్తే రానీ, నాకేం భయం లేదు."

అక్క అంటే ఉత్త అక్క కాదు. పురిట్లోనే తల్లి పోతే, ఇంకా పాలపళ్ళైనా పూర్తిగా ఊడని ఆ పిల్ల ఈ పిల్లని చంకనేసుకుని పెంచింది. కూతురు రమ్మంటే సముద్రం దాటి వెళ్ళిపోయాక కూడా, ఓపికున్నన్నాళ్ళు తనే వచ్చి చూసి వెళ్ళేది. ఒక్కనాడు కూడా "నువ్వెందుకు రావు" అని నిష్ఠూరమాడలేదు.

నిరుడు ఒకసారి పిన్ని బయల్దేరింది కూడా. విమానాశ్రయం దాకా వెళ్ళి, అద్దాల గోడ అవతల ఒక విమానం ముక్కు పైకెత్తి లేవడం చూసింది. అంతే. పెట్టె ఈడ్చుకుంటూ ఇంటికి తిరిగొచ్చేసింది. అక్క ఫోనులో పకపకా నవ్వి, "పోనీలేవే, ఆకాశం ఎక్కడికి పోతుంది, రేపు ఎక్కుదువులే" అంది. ఆకాశం ఎక్కడికీ పోలేదు, పోయింది అక్క చూపు. అప్పటికి సూదిలో దారం ఎక్కించుకునే అక్క ఇప్పుడు కంచం ఎక్కడుందో తడుముకుంటోంది. ఆ సంగతి తలుచుకుంటే పిన్నికి తనమీద తనకే అసహ్యం వేసేది.

ఈసారి వెళ్ళి తీరాలి. మరి కడుపుకి ఎవరు చెప్తారు?

కత్తిరింపు గదిలో కత్తెరమ్మ అని ఒకావిడ ఉంది, పిన్నికి ప్రాణస్నేహితురాలు. మాట కూడా కత్తెరే.

"అసలు నీ భయమేంటో తేల్చవే. పడిపోతాననా? వాంతి చేసుకుంటాననా?"

పిన్ని కుంచె పక్కన పెట్టి ఆలోచించింది. "పడిపోతే సిగ్గేముంది, అందరం కలిసే పడతాం. నలుగురిలో వాంతి చేసుకోవడమే, తల్లీ... తలుచుకుంటేనే చచ్చేంత సిగ్గు."

"హమ్మయ్య, సగం భయం తీరింది. మిగతా సగానికి నాతో రా."

వీధి చివర బట్టల కొట్టు మేడలో లిఫ్టు ఉంది. పని అయ్యాక రోజూ ఇద్దరూ వెళ్ళి అందులో ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. లిఫ్టు లేచేటప్పుడు పిన్ని కడుపు మాత్రం కింది అంతస్తులోనే ఉండిపోయేది. కత్తెరమ్మ భుజం పట్టుకుని కళ్ళు మూసుకునేది. కొన్నాళ్ళు చూసి చూసి కాపలాదారు అడిగేశాడు.

"రోజూ వస్తారు, ఏం కొనరు. ఇంతకీ ఏం కావాలమ్మా మీకు?"

"ధైర్యం కావాలి బాబూ" అంది కత్తెరమ్మ. "ఏ అంతస్తులో దొరుకుతుందో కాస్త చెప్తావా?"

పాపం, అతను ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. లిఫ్టుకి పిన్ని, పిన్నికి లిఫ్టు అలవాటు పడిపోయాయి. డాక్టరు ఒక మాత్ర రాసిచ్చి, ఎక్కేముందు వేసుకోమన్నాడు. కాస్త మత్తుగా ఉంటుందన్నాడు. కడుపు నిండా తినొద్దు, అలాగని ఖాళీగానూ ఉండొద్దు, రెక్క దగ్గర సీటు అడగండి, అక్కడ కుదుపు తక్కువ, చదవడం మానేసి దూరంగా చూడండి అన్నాడు. చదవడం ఎలాగూ ఎప్పుడో మానేసింది కాబట్టి ఆ ఒక్కటీ పిన్నికి తేలికనిపించింది.

ఇంట్లో ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, "నువ్వెక్కితే విమానానికే కళ్ళు తిరుగుతాయే" అని ఏడిపించేవాడు. బయల్దేరే రోజు మాత్రం పొద్దున్నే లేచి ఎండు రొట్టె ముక్కలు, చిన్న అల్లం ముక్క పొట్లం కట్టి ఆమె చేతిసంచిలో పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"వెనక్కి వచ్చేస్తే నేనేం అనను. కానీ రాకు."

పిన్నికి ఏడుపొచ్చింది. అయినా వెనక్కి చూడలేదు.

విమానంలో రెక్క దగ్గరే సీటు దొరికింది. పక్కన బుర్రమీసాల పెద్దమనిషి ఒకాయన. మీసాలకున్న ధైర్యం మొహంలో లేదు. విమానం పరుగందుకుంది. పిన్ని కళ్ళు మూసుకుంది, లిఫ్టు అనుకుంది, లిఫ్టే అనుకుంది. కానీ ఈ లిఫ్టుకి పై అంతస్తు లేదు. పోతూనే ఉంది.

"కొత్తాండీ?" అన్నాడు పక్కాయన, దవడలు బిగించి.

"కొత్తే. మీకూనా?"

"నేను బస్సు డ్రైవర్నమ్మా. ఎన్ని ఘాట్ రోడ్లు తిప్పానో లెక్కలేదు, ఒక్కనాడు వాంతి ఎరగను. కానీ స్టీరింగు ఇంకొకడి చేతిలో ఉందంటే మాత్రం నా కడుపు నా మాట వినదు."

పాపం ఇతనూ మనవాడే అనుకుంది పిన్ని. ఇంతలో విమానం ఒకసారి కిందికి జారినట్టు అయింది. గుండె గొంతులోకొచ్చింది. చెయ్యి తనంతట తనే ముందు సీటు జేబులోకి పోయింది. వేళ్ళకి తెలిసిన కాగితమే తగిలింది. అప్పుడు పిన్ని చేసిన పని ఆ కార్ఖానా మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. సంచి విప్పి, మూతికి పెట్టుకుని, ఇంత పొడుగున నిదానంగా ఊది, మూతి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని వింది.

డ్రైవరు సీట్లోనే ఎగిరిపడ్డాడు. "అమ్మా! పేలుస్తారా ఏంటి?"

అటు నడుస్తున్న విమానం అమ్మాయి పరుగున వచ్చింది. "ఏమైందండీ? ఊపిరాడట్లేదా?"

"ఊపిరికేం లేదమ్మా, అతుకు చూస్తున్నా."

"అతుకా?"

"మా వాళ్ళ చేతిది కాదులే ఇది. అంచు వంకరగా మడిచారు. అయినా గాలి ఆగింది, ఫరవాలేదు."

ఆ అమ్మాయికి నవ్వాలో పెద్దవాళ్ళని పిలవాలో తెలియక, మంచినీళ్ళు తెచ్చిపెట్టి వెళ్ళింది. పిన్ని మళ్ళీ సంచి అందుకుంది. ఊదుతున్నంతసేపూ కడుపు నోరు మూసుకుని ఉంది! ఇదేమిటని ఇంకోసారి ఊదింది. నిజమే. గుండె గొంతులోంచి దిగి దాని చోటుకి అది వెళ్ళింది.

"నాది కూడా కాస్త చూసిపెట్టండమ్మా" అన్నాడు డ్రైవరు దీనంగా, తన సంచి తీసి.

"మీది మీరే ఊదుకోవాలి. ఆగండాగండి, పొయ్యి ఊదినట్టు కాదు!"

అలా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఊదుకుంటూ పోయారు. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలీదు, అనుకుంటే అనుకున్నారు. కాసేపటికి మాత్ర మత్తు కమ్ముకొచ్చింది. పిన్ని తల కిటికీకి ఆనించి, దూరంగా చూడమన్నారు గదా అని కళ్ళు తెరిచింది.

మబ్బులు కింద ఉన్నాయి. అంతా తెలుపు. ఎండ వాటి మీద పడి పైకి లేస్తోంది. అతికింపు గదికి గోడలు తీసేస్తే ఇలాగే ఉంటుందేమో అనుకుంది. ఆ తెలుపు మీద ఎవరో నడుస్తున్నారు. చిన్నపిల్ల. అటు తిరిగి ఉంది, చంకలో ఒక పసిగుడ్డు. అక్కా అని పిలిస్తే వినబడలేదు. ఆ పసిది మాత్రం అక్క భుజం మీంచి వెనక్కి తిరిగి, జిగురు కుంచె పట్టుకుని నిలబడ్డ ఈ ముసలమ్మని వింతగా చూసింది. ఆ చూపులో భయమేమీ లేదు. తనకి భయం లేని రోజులు కూడా ఉండేవన్నమాట. పిన్ని ఆ పసిదానివైపు చెయ్యి చాచింది. కాళ్ళ కింద నేల లేదని తెలుసు, అయినా నడిచింది. ఎంతసేపు నడిచిందో తెలియదు. అలాంటి హాయి ఆమె ఎప్పుడూ ఎరగదు.

దిగడం మొదలయ్యాక ఆ హాయంతా వదిలిపోయింది. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. విమానం ఎత్తి కుదేసినట్టు ఊగింది. ఊదింది, లాభం లేదు. అల్లం ముక్క నమిలింది, లాభం లేదు. చెమటలు కారి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. ఇక తన చేతుల్లో లేదని తెలిసిపోయాక, ఇన్నేళ్ళూ దేనికి భయపడిందో అదే జరిగింది. నలుగురిలో, పట్టపగలు, సంచిలో తలపెట్టి భళ్ళున కక్కేసింది.

డ్రైవరు మర్యాదగా మొహం అటు తిప్పుకుని, నీళ్ళ గ్లాసు ఇటు చాచాడు. ఎవరూ నవ్వలేదు. ముందు సీట్లో ఒకావిడ పేపరు తిప్పుకుంది. ఇంతేనా? ఆకాశం విరిగి మీద పడలేదే! పడడానికి తనే ఆకాశంలో ఉందాయె. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ పిన్ని ఒళ్ళోని సంచిని చూసుకుంది. ఇలా కళ్ళనీళ్ళతో ఎంతమంది పట్టుకుని ఉంటారో తన చేతి సంచుల్ని! ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. వాళ్ళందరిమీదా జాలేసింది, ఆ జాలిలో తన సిగ్గు ఎటో కొట్టుకుపోయింది.

విమానం అమ్మాయి వచ్చి సంచి అందుకుంటూ మెల్లిగా అడిగింది. "అతుకు ఆగిందాండీ?"

"ఆగింది తల్లీ" అంది పిన్ని. ఇద్దరూ నవ్వుకున్నారు.

అక్క కూతురు కారు తెచ్చింది. దారిలో ఇంకో రెండుసార్లు కారు ఆపించాల్సి వచ్చింది. ఇల్లు చేరేసరికి పిన్ని పిండేసిన గుడ్డలా ఉంది. అక్కకి కనబడే ముందు మొహం కడుక్కోవాలి, తల దువ్వుకోవాలి, పెట్టెలోని కొత్త బట్టలు కట్టుకోవాలి అని ఎన్నాళ్ళనుంచో అనుకుంటోంది. అక్క చూడక చూడక చూస్తోంది, చివరిసారి కావచ్చు. చక్కగా కనబడాలి గదా.

అక్క ఆగితేగా! తలుపు చప్పుడికే గోడ తడుముకుంటూ వచ్చేసింది. చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, కుర్చీలో కూలేసి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది.

"ఉండవే అక్కా, మొహం కడుక్కుని వస్తా. వాంతులతో పీక్కుపోయి ఉంది. ఇలాంటి మొహం చూపించడానికా ఇంత దూరం..."

"కదలకు."

అక్క చూస్తోంది. ఆ కాస్త చూపులో మొహమంతా ఒకేసారి పట్టదు. తల నెమ్మదిగా కదిలిస్తూ నుదురు చూసింది. అతుక్కున్న జుట్టు చూసింది. ఒక కన్ను, ఆ తర్వాత ఇంకో కన్ను. పెదవుల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఏంటే? అంత ముసలిదాన్ని అయిపోయానా?" అంది పిన్ని భయంగా.

"అమ్మే" అంది అక్క.

"ఏంటీ?"

"అమ్మే చిట్టీ. నువ్వు పుట్టిన మర్నాడు నన్ను పిలిచి నిన్ను చూపించింది. ఇలాగే ఉంది. జుట్టు నుదుటికి అతుక్కుని, పెదాలు తెల్లగా, కళ్ళ కింద నల్లగా. ఒంట్లో ఓపిక లేదు, అయినా నవ్వింది. ఆ తర్వాత నేను మళ్ళీ చూడలేదు. ఎన్నేళ్ళు తన్నుకున్నానే ఆ మొహం గుర్తు తెచ్చుకుందామని! రాలేదు. పోయిందనుకున్నా. ఇదిగో, ఇక్కడుంది."

అక్క బావురుమంది. పిన్నికి ఏడుపు కూడా రాలేదు. తల్లిది ఒక్క ఫోటో కూడా లేదు. ఎలా ఉండేదని చిన్నప్పుడు అడిగితే, నీలాగే ఉండేదిలే అని అందరూ మాట దాటేసేవాళ్ళు.

పిన్ని తూలుకుంటూ లేచి గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళింది. అక్క కూతురు తువ్వాలు తెచ్చి పక్కన నిలబడింది.

"వేణ్ణీళ్ళు పెట్టా పిన్నీ. మొహం కడుక్కుందువుగాని, రా."

అద్దంలో ఉన్నావిడ నీరసంగా నవ్వింది.

"ఇప్పుడే వద్దమ్మా" అంది పిన్ని, చూపు తిప్పకుండా. "ఇంకాసేపు ఉండనీ."